అమ్మోరి మేక, నా బొటనవేలు

బొటనవేలికి జబ్బు చేసిందంటే ఎవరికైనా ముందు నవ్వొస్తుంది. గుండె జబ్బంటే పలకరించడానికి వచ్చేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. వేలు అనేసరికి "ఓస్, అంతేనా" అనేసి, టీ తాగి, తమ మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పుకుని వెళ్ళిపోతారు. నేను మాత్రం ఆ వేలితో ఒక చలికాలమంతా పోట్లాడాను. గెలిచాను కూడా. గెలిచాను కాబట్టే ఇంత ధీమాగా రాస్తున్నాను. ఓడిపోయి ఉంటే కలం పట్టుకునే వేలే ఉండేది కాదు.

మాది పిటాన్, సముద్రం మధ్యలో చెరకు తోటల దీవిలో ఒక ఊరు. మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి ముందటి ఏడు ఇదంతా జరిగింది. మా ఆయన సోమయ్య చక్కెర మిల్లులో ఫిట్టరు. నేను ఇంట్లో బట్టలు కుట్టేదాన్ని. నాది చేత్తో తిప్పే మిషను. కుడిచేత్తో చక్రం తిప్పాలి, ఎడమచేత్తో గుడ్డ జరపాలి. కత్తెర ఆడాలన్నా కుడి బొటనవేలే దిక్కు. ఊళ్ళో సగం మంది నేను కుట్టిన బట్టలు తొడుక్కుని తిరిగేవాళ్ళు. మిగతా సగం మంది నేను ఇంకా కుట్టివ్వలేదని తిట్టుకుంటూ తిరిగేవాళ్ళు. ఆ తిట్లు కూడా నాకు ఇష్టంగానే ఉండేవి, పని ఉన్నవాళ్ళనే గదా తిడతారు.

ఇంట్లో మూడో మనిషి మా అత్త. అత్త గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, ఆవిడ తర్వాతే అమ్మోరైనా. అమ్మోరంటే మా తెలుగువాళ్ళ గ్రామదేవత. ఒంటిమీద పొక్కులు పోసే జబ్బునూ మేము అమ్మోరనే అంటాం. తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి చెరకు తోటల్లోకి కూలికి వచ్చినప్పుడు ఆ మాటని అలాగే రెండర్థాలతో మూటకట్టుకుని తెచ్చారు. ఇంట్లో మేము మాట్లాడేది క్రెయోలే, ఫ్రెంచి కలిసిన మా దీవి భాషే, అయినా ఆ మాటకి మాత్రం క్రెయోల్‌లో మరో మాట దొరకదు.

ఇక నాలుగో ప్రాణి మేక. అంతకుముందు ఏడు మా ఆయన మిల్లులో నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, కాలు సరిగ్గా అతుక్కుంటే మేకనిస్తానని అత్త అమ్మోరికి మొక్కుకుంది. కాలు అతుక్కుంది. మేకపిల్ల ఇంటికొచ్చింది. దానితో పాటు ఒక నియమమూ వచ్చింది. మొక్కిన మేకని ఎవరూ మాది అనకూడదు. అన్నామంటే ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కున్నట్టే. పక్కింటివాళ్ళు మీ మేక భలే ముద్దుగా ఉందంటే అత్త వెంటనే దిద్దేది, మాది కాదు, అమ్మోరిది అని. మేము దానికి ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళమన్నమాట.

జూలైలో కోతలు మొదలయ్యాయి, మా దీవిలో అది చలికాలం. ఊరంతా ఒకటే మాట, లకూప్, లకూప్. క్రెయోల్‌లో చెరకు కోతల కాలానికి ఆ పేరు. మా ఆయన మిల్లులో ఒళ్ళు మరిచి పనిచేస్తున్నాడు. ఆ రోజుల్లోనే మేక మూతి చుట్టూ పొక్కులు లేచి, పగిలి, నల్లటి చెక్కు కట్టాయి. మామూలు మేకకైతే దాన్ని దూరంగా కట్టేసి పశువుల డాక్టరుకి కబురు పెట్టేవాళ్ళం. అది మామూలు మేక కాదాయె. అత్త దాని ముందు చేతులు జోడించి నిలబడింది. అమ్మోరు తన మేకని తానే వచ్చి ముట్టుకుందని, ఇంతకన్నా శుభం లేదని చెప్పింది.

దాంతో మేక పాకలోంచి వంటింటి వసారాలోకి మారింది. గుమ్మానికి వేపాకు కట్టారు. ఇంట్లో అమ్మోరు ఉండగా తాలింపు పెట్టకూడదు కాబట్టి మా కూరలు చప్పబడ్డాయి. మూతి నొప్పితో అది ఆకు నమలలేకపోతుంటే మెత్తటి అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టమంది అత్త. తనకి చూపు ఆనదు, కనక ఆ భాగ్యం నాకు దక్కింది. పొద్దునా సాయంత్రం పసుపునీళ్ళతో దాని మూతి కడిగి, ఎండిన చెక్కు గోటితో మెల్లిగా తీసి, బొటనవేలితో ముద్ద లోపలికి తోసేదాన్ని. కుట్టుపని చేసేదాని వేలికి సూదిపోట్లు ఎప్పుడూ ఉండేవే. వాటిని నేనూ పట్టించుకోలేదు, మేకా పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి నా కుడి బొటనవేలి కణుపు పక్కన ఎర్రగా ఒక గుల్ల లేచింది. ముందు సూది గుచ్చుకుని చీము పట్టిందనుకున్నాను. అది రేగుపండంత అయింది. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా, ఆపైన నీరు కారుతూ, చూడ్డానికే అసహ్యంగా తయారైంది. నా గుండె చోటు మార్చుకుని వేలిలోకి వచ్చి కూర్చున్నట్టు కొట్టుకునేది. చంకలో బిళ్ళ కట్టింది. ఒళ్ళు వెచ్చబడింది. కత్తెర చేతిలోకి తీసుకుంటే కళ్ళమ్మట నీళ్ళు వచ్చేవి.

అత్తకి చూపించాను. ఆవిడ వేలిని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసి, చటుక్కున వంగి నా కాళ్ళకి దండం పెట్టింది. పెళ్ళయ్యాక అత్త నాకు దండం పెట్టడం అదే మొదటిసారి. నొప్పి లేకపోతే ఆ క్షణాన్ని ఇంకా బాగా అనుభవించేదాన్ని. నా పేరు పార్వతి, అత్త నోట్లో పారొతి; అప్పటినుంచి నేను పారొతిని కాదు, తల్లిని. వేపాకుల పక్క, పలచటి అంబలి, ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. మందు మాత్రం కూడదు. సూది అసలే కూడదు, అమ్మోరికి కోపం వస్తుంది.

మా ఆయన ఓపిక పట్టినన్నాళ్ళు పట్టాడు. ఒక ఆదివారం తల్లికి ఎదురు కూర్చున్నాడు.

"అమ్మా, కాలిరిగినప్పుడు నేను ఆసుపత్రికే పోయాను గదా."

"పోయినావు," అంది అత్త. "నడిచింది మాత్రం అమ్మోరి వల్ల."

అయినా మర్నాడు మా ఆయన నన్ను డిస్పెన్సరీకి తీసుకుపోయాడు. అత్త రెండు రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు. డిస్పెన్సరీలో పూత మందిచ్చారు, సూది పొడిచారు. వేలు ఏమీ తగ్గలేదు సరికదా ఇంకా ఉబ్బింది. అమ్మోరికి కోపం వచ్చిందన్న సంగతి అత్త నోటితో చెప్పలేదు, గిన్నెలు పెట్టే చప్పుడుతో చెప్పింది. నేను ఎవరి పక్షమో నాకే తెలియదు. వేలు తగ్గించేవాళ్ళ పక్షం అనుకోండి.

ఆగస్టు మొదట్లో, ఎత్తుమీదున్న క్యూర్‌పైప్‌లో ఒక పెద్ద డాక్టరు ఉన్నారని ఎవరో చెబితే బయల్దేరాం. మా ఆయనకి మిల్లులో సెలవు దొరకక అత్త తోడొచ్చింది. రెండు బస్సులు మారాం. కింద పిటాన్‌లో ఎండ కాస్తుంటే పైన క్యూర్‌పైప్‌లో ఎదుటి మనిషి కనబడనంత మంచు. డాక్టరు గారు నెమ్మదైన మనిషి. వేలిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత అత్త వైపు తిరిగి క్రెయోల్‌లో ఇంట్లో పశువులున్నాయా అని అడిగారు. ఆవు గానీ, గొర్రె గానీ, మేక గానీ.

"నూ పేనా, దోక్తేర్," అంది అత్త. మాకు లేవు అని.

నేను పక్కనే ఉన్నాను. ఆ మాటలో నాకూ అబద్ధం కనబడలేదు. నిజమే గదా, మాకు మేక లేదు.

డాక్టరు గారి ముఖంలో ఏదో దీపం తగ్గినట్టయింది. కుర్చీలో వెనక్కి వాలి, చెడ్డ గడ్డ కావచ్చునని చెప్పారు. ఇంకో రెండు వారాలు చూద్దామని, అప్పటికీ తగ్గకపోతే చెయ్యంతా పాకకుండా వేలు పై కణుపు తీసేయాల్సి వస్తుందని చెప్పారు. కూపే అన్నారు. కోయడం. జూలై నుంచి పొలాల్లో, బస్సుల్లో, షాపుల్లో రోజంతా వింటున్న మాటే అది. చెరకు మీద అన్నన్నాళ్ళు ఆ మాటకి పదునుందని నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన విన్నాడు. మిషను ముందు కూర్చుని చక్రం మీద చెయ్యి వేసి ఊరికే తిప్పాడు.

"మిల్లు నుంచి వచ్చాక నేను తిప్పుతాను," అన్నాడు. "నువ్వు గుడ్డ జరుపు. కుట్టు నీదే అవుతుంది."

అంతవరకూ బిగబట్టుకున్న నేను ఆ మాటకి బావురుమన్నాను. వేలు పోతుందన్న భయం కన్నా, పోయినా నన్ను వదలని మనిషి ఉన్నాడన్న ఊరట ఎక్కువ ఏడిపించింది.

ఆ రెండు వారాలు నాకు సరిగ్గా నిద్ర లేదు. వేలు లేని బతుకెలా ఉంటుందో ముందే నేర్చుకుందామని బొటనవేలిని అరచేతికి గుడ్డతో కట్టేసుకుని చూశాను. బొత్తాం పెట్టుకోలేకపోయాను. జడ వేసుకోలేకపోయాను. సూదిలో దారం సంగతి చెప్పనే అక్కర్లేదు. కుట్టడానికిచ్చిన గుడ్డలు మూలన పోగుపడ్డాయి. వాటి వైపు చూడకుండా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. నేను నా చేతులతో బతికిన మనిషిని. చేతులు పోతే నేను ఎవరినో నాకు తెలియదు.

అన్నం కూడా అత్తే తినిపించేది. మొదట్లో తల్లీ తల్లీ అంటూ భక్తిగా పెట్టిన ముద్ద, క్యూర్‌పైప్ వెళ్ళొచ్చాక వేరుగా ఉండేది. ఒకరోజు నా నోటి దగ్గర ముద్ద ఆపి, అమ్మోరైతే ఇన్నాళ్ళు ఉండదే అని తనలో తాను గొణుక్కుంది. మళ్ళీ నన్ను పారొతీ అని పిలవడం మొదలుపెట్టింది. దేవతని కాకపోయినందుకు ఆ పూట నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

బయట ఓట్ల హడావుడి. లారీల మీద మైకులు, గోడల మీద కాగితాలు. దేశానికి స్వాతంత్ర్యం రావాలా వద్దా అని వీధిలో మగవాళ్ళు గొంతులు చించుకునేవాళ్ళు. నాకు మాత్రం దేశమంతా ఒక్క కణుపులోకి కుదించుకుపోయింది. అది ఉండాలి. అంతకుమించి నాకు రాజకీయాలు లేవు.

ఆగస్టు మధ్యలో మళ్ళీ క్యూర్‌పైప్. ఈసారి మా ఆయన కూడా మేస్త్రీతో గొడవపడి వచ్చాడు. బయట గదిలో బల్లల మీద జనం ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మంచు లోపలికొస్తోంది. నేను పల్చటి చీరలో వణుకుతుంటే పక్కనున్న ఒక క్రెయోల్ కిరస్తానీ ముసలావిడ తన ఉన్ని శాలువా సగం తీసి నా భుజాల మీద కప్పింది. ఎవరినని అడగలేదు, ఏం జబ్బని అడగలేదు. కట్టు కట్టిన చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుని, భయపడకు బిడ్డా అని మెల్లగా చెప్పింది. కన్నతల్లి లేని నాకు ఆ రోజు ఆ ఒడి చాలింది. ఆవిడ పేరు ఇప్పటికీ తెలియదు.

లోపల నర్సు గుడ్డ పరిచి, తళతళలాడే పనిముట్లు వరుసగా పెట్టడం తలుపు సందులోంచి నాకు కనబడుతూనే ఉంది. డాక్టరు గారు నన్ను పిలవడానికి గుమ్మంలోకి వచ్చారు. అప్పటికే అత్త బస్సు వేళ గురించి గింజుకుంటోంది. ఇల్లంతా తాళం వేసి వచ్చాం, మేక ఒక్కతే ఉంది. అత్త లేచి డాక్టరు గారికి అడ్డం నిలబడి, కాస్త తొందరగా కానివ్వండి, చీకటి పడకముందే పోయి మేకకి తిండి పెట్టాలి అంది.

డాక్టరు గారు ఆగిపోయారు.

"కి కబ్రి?" అన్నారు. ఏ మేక అని.

"అమ్మోరి మేక," అంది అత్త.

మీకు మేకలు లేవన్నారు గదా అని ఆయన అడిగారు. అత్తకి రోషం వచ్చింది. తను జన్మలో డాక్టర్లకి అబద్ధం చెప్పలేదు.

"లేవు, దోక్తేర్. పా పూ నూ సా. అది మాది కాదు, అమ్మోరిది."

ఆయన ఒక్కొక్క మాటా మెల్లగా అడిగారు. అది ఎక్కడుంటుంది. మా వసారాలో. దానికేమైనా జబ్బు చేసిందా. జబ్బు కాదు, మూతి మీద అమ్మోరు పోసింది, ఇప్పుడు తగ్గిపోయింది. దాన్ని ఎవరు చూసుకున్నారు. అత్త గర్వంగా నా వైపు చూపించి, ఇదిగో, మా కోడలు, ఈ చేత్తోనే నోట్లో ముద్దలు పెట్టి బతికించింది అని చెప్పింది.

డాక్టరు గారు కళ్ళజోడు తీసేశారు. అక్కడే బల్ల మీద, ఆ ముసలావిడ పక్కన కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఎగతాళి నవ్వు కాదు. పడబోతున్న పసిపిల్లని రెక్క పట్టుకుని ఆపినవాడు నవ్వే నవ్వు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను.

తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఆయన చదువుకున్న చలిదేశంలో గొర్రెల కాపర్ల వేళ్ళ మీద ఇలాంటివే చూశారట. గొర్రెల మూతి నుంచి, మేకల మూతి నుంచి, చేతి మీద చిన్న గాటు ఉంటే చాలు, మనిషికి అంటుకునే జబ్బట. నా వేలు చూడగానే అదే తట్టిందట, అందుకే పశువులున్నాయా అని అడిగారట. లేవన్న మాటతో దాన్ని పక్కకి నెట్టేసి, చెడ్డవైపు ఆలోచించారట. దీనికి కోత అక్కర్లేదు, కోస్తే పుండు మరింత ముదురుతుంది, ముదరనివ్వకుండా శుభ్రంగా కట్టి ఉంచితే తనంతట తానే ఎండి రాలిపోతుంది అన్నారు.

కోయరా అని అడిగాను. కోయం అన్నారు. మళ్ళీ అడిగాను. నర్సుని పిలిచి ఆ పనిముట్లు నా కళ్ళముందే తీయించేశారు. మా ఆయన గోడకి ఆనుకుని, అతికిన కాలి మీద నిలబడ్డాడు. ముసలావిడ శాలువా మిగతా సగం కూడా నాకు కప్పి సిలువ గుర్తు వేసుకుంది.

అత్త ఒక్కతే ఇంకా తేల్చుకోలేదు. ఈ జబ్బు ఎవరు తెస్తారని అడిగింది. వైరస్ అన్నారు డాక్టరు గారు. అదెలా ఉంటుందంది. కంటికి కనబడదమ్మా, ముట్టుకుంటే వస్తుంది, దీనికి మందు లేదు, దాని టైము అయ్యాక అదే పోతుంది అన్నారు.

అత్త ఒక్కొక్క వేలూ మడుస్తూ లెక్కపెట్టింది.

"కంటికి అవుపడదు, ముట్టుకుంటే ఒస్తాది, మందుకి లొంగదు, దానంతటదే పోతాది," అంది. "నేను మొదట్నించీ సెప్తున్నది అదే గదా, దోక్తేర్."

అంత చదివిన మనిషి ఆ మాటకి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. మీ అమ్మోరంటే నాకూ గౌరవమే, కానీ ఆవిడ ముట్టుకున్నచోట ఇకమీదట ఒట్టి చేతులు పెట్టకండి, పెడితే సబ్బుతో బాగా కడుక్కోండి, చేతికి గాయముంటే అసలు దగ్గరికే పోకండి అని చెప్పారు. అత్త ఇది ఒప్పుకుంది. దేవతలకి మడి ఉండటం ఆవిడకి కొత్త కాదు.

సెప్టెంబరులో వేలు ఎండింది. ముందు నీరు కారడం ఆగింది, తర్వాత పోటు తగ్గింది, తర్వాత పైన గట్టిగా చెక్కు కట్టింది. దాన్ని గిల్లకుండా ఉండటానికి నేను పడ్డ యాతన పగవాళ్ళకి కూడా వద్దు. ఒకరోజు కట్టు విప్పుతుంటే చెక్కు గుడ్డతో పాటు ఊడివచ్చింది. లోపల లేతగా, గులాబీ రంగులో, పసిపిల్లల చర్మం. ఒంచాను, ఒంగింది. చాచాను, చాచుకుంది. వసారాలోంచి మా ఆయన్ని పిలిచాను. ఆయన వచ్చి చూసి, వేలికి ముద్దు పెట్టి, అత్త చూస్తోందని గుర్తొచ్చి సిగ్గుపడి మిల్లుకి పారిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఎన్నాళ్ళ తర్వాతో నా చేత్తో నేను అన్నం కలుపుకున్నాను. ఇంట్లో తాలింపు వాసన వచ్చింది. అన్నం వేడికి కొత్త చర్మం చురుక్కుమంది. ఆ చురుకు కూడా నాకు రుచిగానే ఉంది. అత్త ఎదురుగా కూర్చుని చివరి ముద్దదాకా చూసింది. మూలనున్న గుడ్డలపోగు దగ్గరికి పోయి మొదటి కత్తిరింపు వేసేసరికి నాకు రెక్కలొచ్చినట్టయింది.

మేక కూడా బతికింది. మొక్కు తీర్చాల్సిన అమ్మోరి పండగ నాటికి బలిసి కొండలా తయారైంది. అమ్మోరు ఒకసారి వచ్చి ముట్టుకుని వదిలేసిన దాన్ని మళ్ళీ ఇవ్వడం ఏం మర్యాద అని అత్త తీర్పు చెప్పి, గుడిలో కొబ్బరికాయ కొట్టి దాన్ని ఇంటికి తోలుకొచ్చింది. అది నా మందారాలన్నీ మేసి చాలా ఏళ్ళు సుఖంగా బతికింది. మేత మాత్రం పాత ఎనామెల్ గిన్నెలో వేసేవాళ్ళం. దాని నోట్లో చెయ్యి పెట్టాలంటే అత్త నా చేతులు ముందు చూసేది.

మరుసటి మార్చిలో స్వాతంత్ర్యం వచ్చింది. ఊళ్ళో ప్రతి ఇంటికీ జెండా కావాలి, ప్రతి పిల్లకీ కొత్త గౌను కావాలి. చక్రం తిప్పింది నేనే. మా ఆయన తిప్పుతానని వస్తే అవతలికి పొమ్మన్నాను.

ఇది రాయడానికి ఒక కారణముంది. మేకల్ని, గొర్రెల్ని, ఆవుల్ని ఇంట్లో మనిషిలాగా చూసుకునేవాళ్ళం మనం. చూసుకోవడం తప్పు కాదు. కానీ వాటి జబ్బు మన చర్మం దాకా నడిచి రాగలదని ఎవరూ మనకి చెప్పలేదు. మీ వేలి మీద ఏదైనా లేస్తే డాక్టరుకి చూపించండి. చూపించినప్పుడు, మీరు ఏ ప్రాణిని ముట్టుకున్నారో చెప్పండి, అది ఎవరిదైనా సరే.

క్యూర్‌పైప్ డాక్టరు గారు అప్పటినుంచీ ఇలాంటి వేళ్ళతో భయపడి వచ్చినవాళ్ళని నా దగ్గరికి పంపుతున్నారు. పిటాన్‌లో దర్జీ పార్వతి అని అడగండి, ఆవిడతో ఒకసారి మాట్లాడి రండి అంటారు. మొన్న బాన్ అక్యూయ్ అనే ఊరి నుంచి ఒకామె వచ్చింది. వేలికి గుడ్డ చుట్టుకుని, ముఖం పీక్కుపోయి, నిద్ర లేని కళ్ళతో. డాక్టరు గారు కోత అక్కర్లేదన్నారట గానీ ఆమెకి నమ్మకం కుదరలేదు. నాకూ ఇదే వచ్చిందని చెప్పాను. ఓదార్పుకి అంటున్నానేమోనని అనుమానంగా చూసింది. మిషను ఆపి రెండు చేతులూ ఆమె ముందు చాచాను.

ఆమె వంగి నా కుడి బొటనవేలు చూసింది. ఎడమ బొటనవేలు చూసింది. కిటికీ వైపు తిప్పి, వెలుతురులో మళ్ళీ రెండూ చూసింది.

"ఏ వేలక్కా?" అని అడిగింది.